ఢిల్లీకి మొదటిసారి వెళ్తున్నారా? ఏది చూడాలి, ఏది ఈసారికి వదిలేయాలి

ఢిల్లీ లోకల్ టూర్ కరపత్రం ఏది తీసుకున్నా దాదాపు అదే వరస: ఎర్రకోట, రాజ్‌ఘాట్, ఇండియా గేట్, బిర్లా మందిర్, లోటస్ టెంపుల్, కుతుబ్ మినార్, హుమాయూన్ సమాధి, అక్షర్‌ధామ్. అన్నీ ఒక్క రోజులోనే. బస్సు దిగడం, గేటు ముందు ఫోటో దిగడం, మళ్లీ బస్సెక్కడం. సాయంత్రానికి కాళ్లు లాగేస్తాయి. ఏ కట్టడం ఎవరిదో, ఏ కాలానిదో మనసులో కలగాపులగం అయిపోతుంది. ఇంత దూరం వెళ్లి ఢిల్లీని అలా చూసి రావడం నాకు నిజంగా బాధగా అనిపిస్తుంది.

ఇక్కడ ఒకే రకం చోట్లు చాలా ఉన్నాయి. కోటలు ఒకటికి మించి, సమాధులు లెక్కలేనన్ని, మ్యూజియంలు బోలెడు. మొదటిసారి వెళ్లినప్పుడు అన్నీ చూడనక్కర్లేదు. ఒక్కో రకంలో మీకు నప్పేది ఒకటి ఎంచుకుని దానికి ఒక పూట ఇవ్వండి. ఆ ఎంపిక ఎలా చేసుకోవాలో చెప్తాను. మీ చేతిలో రెండు రోజులు ఉన్నాయనుకుని రాస్తున్నాను.

ముందు వారం చూసుకోండి

ఎర్రకోట, నేషనల్ మ్యూజియం, ప్రధానమంత్రి సంగ్రహాలయ, అక్షర్‌ధామ్, లోటస్ టెంపుల్ సోమవారం మూసి ఉంటాయి. శని, ఆదివారాలు దాటాక తిరుగుదామని సోమవారం పెట్టుకునేవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. మీకు సోమవారం తప్పదంటే ఆ రోజుకి కుతుబ్ మినార్, హుమాయూన్ సమాధి పెట్టుకోండి, అవి తెరిచే ఉంటాయి. ఆదివారం చాంద్‌నీ చౌక్‌లో చాలా షాపులు మూసేస్తారు కాబట్టి బజారు చూడాలంటే ఆ రోజు వద్దు. శుక్రవారం మధ్యాహ్నం జామా మసీదులో పెద్ద నమాజు ఉంటుంది, ఆ సమయంలో సందర్శకులను లోపలికి వదలరు. జనవరి 26కి, ఆగస్టు 15కి ముందు రోజుల్లో ఎర్రకోట చుట్టుపక్కల, ఇండియా గేట్ దగ్గర భద్రతా ఆంక్షలు ఎక్కువ. ఆ వారాలు తప్పించుకోగలిగితే మంచిది.

కాలం సంగతి. అక్టోబరు, ఫిబ్రవరి, మార్చి హాయిగా ఉంటాయి. నవంబరులో గాలి కాలుష్యం గొంతు పట్టేస్తుంది, ఆస్తమా ఉన్నవాళ్లు ఆ నెల పెట్టుకోకండి. డిసెంబరు చివర, జనవరిలో పొగమంచుకి రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి. మే, జూన్‌లలో పిల్లలతో ఎర్ర రాతి కట్టడాల మధ్య తిరగడం చాలా కష్టం.

ఎర్రకోటా, హుమాయూన్ సమాధా?

ఎక్కువమంది తికమక పడేది ఇక్కడే. రెండూ మొఘలులవే, రెండూ ఎర్ర రాయే, రెండూ యునెస్కో జాబితాలో ఉన్నవే. కానీ లోపలికి వెళ్లాక కలిగే అనుభూతికి పోలికే లేదు.

ఎర్రకోటని షాజహాన్ 1639లో మొదలుపెట్టించాడు, 1648కి పూర్తయింది. బయటి గోడ చూస్తే గుండె ఝల్లుమంటుంది. ప్రతి ఆగస్టు 15న టీవీలో చూసే గోడ ఇదే కదా. లాహోరీ గేటు దాటగానే పైకప్పు ఉన్న బజారు, ఆ తర్వాత నౌబత్ ఖానా (నగారాలు మోగించే ద్వారం), దివాన్-ఎ-ఆమ్ (ప్రజల దర్బారు), వెనకాల యమున వైపు పాలరాతి మండపాల వరస. దివాన్-ఎ-ఖాస్‌లో, అంటే ముఖ్యులతో జరిగే దర్బారు మండపంలో, ఒకప్పుడు నెమలి సింహాసనం ఉండేది. 1739లో నాదిర్‌షా దాన్ని ఎత్తుకుపోయాడు. మన కృష్ణా తీరంలోని కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పే కోహినూర్ కూడా ఆ దోపిడీలోనే దేశం దాటింది.

అయితే ఒక్క విషయం ముందే తెలుసుకుని వెళ్లాలి. 1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ వాళ్లు లోపలి భవనాల్లో ఎక్కువ భాగం పడగొట్టి సైనిక బ్యారక్‌లు కట్టారు. అందుకే లోపల మండపాల మధ్య ఖాళీ పచ్చికలు, వాటి పక్కన ఏ సంబంధమూ లేనట్టు బ్యారక్‌లు కనిపిస్తాయి. గోల్కొండలా ఎక్కుతూ, మలుపు మలుపుకీ కొత్తది చూస్తూ వెళ్లే కోట అనుకుంటే నిరాశ తప్పదు. ఇది నేల మీద పరిచిన రాజప్రాసాదం, అందులోనూ మిగిలింది కొంతే. ఆ బ్యారక్‌లలో కొన్నింటిని 2019లో మ్యూజియంలుగా మార్చారు. సుభాష్ చంద్రబోస్, ఆజాద్ హింద్ ఫౌజ్ మీద ఉన్నది తప్పకుండా చూడండి. 1945-46లో ఆ ఫౌజు అధికారులను విచారించింది ఈ కోటలోనే.

హుమాయూన్ సమాధి కథ వేరు. హుమాయూన్ 1556లో పురానా ఖిలాలోని తన గ్రంథాలయం మెట్ల మీద నుంచి పడి చనిపోయాడు. ఆయన భార్య బేగా బేగం ఈ సమాధి కట్టించింది. 1570 ప్రాంతంలో పూర్తయిన ఈ కట్టడం తాజ్‌మహల్‌కి దాదాపు 60 ఏళ్ల ముందుది. నాలుగు భాగాల తోట, మధ్యలో ఎత్తైన వేదిక, దాని మీద గుమ్మటం అనే ఆలోచన మన దేశంలో ఇంత పెద్ద ఎత్తున రూపం దాల్చింది ఇక్కడే. ఆగా ఖాన్ ట్రస్టు ఏళ్ల తరబడి చేసిన పునరుద్ధరణ వల్ల తోట, నీటి కాలువలు, రాతి పని చక్కగా ఉన్నాయి.

వేదిక మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు పక్క మనిషి చెయ్యి పట్టుకుని ఎక్కాలి. పైన మధ్య గదిలో తెల్ల పాలరాతి సమాధి ఒక్కటే, ఆడంబరమేమీ లేకుండా ఉంటుంది. అసలు సమాధి దీని కింద, నేలమాళిగలో ఉంది. రాతి జాలీల్లోంచి పడే వెలుగు గచ్చు మీద చుక్కల ముగ్గులా పరుచుకుని, పొద్దు తిరిగే కొద్దీ తానూ జరుగుతుంటుంది. అక్కడ పది నిమిషాలు ఊరికే నిలబడండి. చుట్టూ ఉన్న గదుల్లో, వేదిక కింది అరల్లో మొఘల్ వంశం వాళ్ల సమాధులు వందకు పైగా ఉన్నాయి. ప్రధాన దారికి కుడి పక్కన ఉన్న ఈసా ఖాన్ సమాధిని చాలామంది చూడకుండా వెళ్లిపోతారు. ఎనిమిది మూలల ఆ చిన్న కట్టడం హుమాయూన్ సమాధి కంటే ముందుది, అక్కడ జనం కూడా తక్కువ.

నన్నడిగితే, ఒక్కటే చూడగలిగితే హుమాయూన్ సమాధి చూడండి. కట్టడం చెక్కుచెదరకుండా ఉంది, గైడు లేకపోయినా అర్థమవుతుంది, జనం నెట్టుకోరు. స్వాతంత్ర్య పోరాటం మీద ఆసక్తి ఉన్నవాళ్లకి, స్కూలు పిల్లలు వెంట ఉన్నవాళ్లకి మాత్రం ఎర్రకోటే. రెండూ చూడగలిగితే మరీ మంచిది, ఎందుకంటే రెండింటినీ కలిపే కథ ఒకటుంది. 1857 సెప్టెంబరులో ఢిల్లీ పడిపోయాక చివరి మొఘల్ చక్రవర్తి బహదూర్ షా జఫర్ హుమాయూన్ సమాధిలోనే తలదాచుకుని, అక్కడే బ్రిటిష్ వాళ్లకి పట్టుబడ్డాడు. మరుసటి ఏడాది ఎర్రకోటలో, తన సొంత దర్బారులోనే ఆయనని ముద్దాయిగా నిలబెట్టి విచారించి, రంగూన్ పంపేశారు. ఇది తెలిసి చూస్తే రెండు చోట్లా రాళ్లు మాట్లాడతాయి.

కుతుబ్ మినార్: పోటీ లేనిది

దీనికి బదులుగా చెప్పగలిగే చోటు ఢిల్లీలో ఇంకోటి లేదు కాబట్టి ఎంపిక ప్రశ్నే రాదు, వెళ్లాల్సిందే. 72.5 మీటర్ల ఈ స్తంభాన్ని కుతుబుద్దీన్ ఐబక్ 12వ శతాబ్దం చివర్లో మొదలుపెడితే ఇల్తుత్‌మిష్ పూర్తి చేశాడు. పిడుగుపాటుకి దెబ్బతిన్న పై అంతస్తులను 1369లో ఫిరోజ్ షా తుగ్లక్ బాగు చేయించాడు. లోపల మెట్లెక్కడం కుదరదు. 1981లో తొక్కిసలాట జరిగి చాలామంది, ముఖ్యంగా పిల్లలు, చనిపోయాక ఆపేశారు.

మినార్‌కి ఫోటో తీసుకుని వెనక్కి తిరిగేవాళ్లే ఎక్కువ. మీరు పక్కనున్న మసీదు వసారాలోకి నడవండి. పాత గుళ్ల నుంచి తెచ్చిన స్తంభాలతో కట్టింది ఇది. 27 గుళ్ల సామగ్రి వాడినట్టు అక్కడి శాసనమే చెబుతోంది. స్తంభాల మీద గొలుసుకి వేలాడే గంటలు, పూర్ణకుంభాలు, తీగలు ఇప్పటికీ స్పష్టంగా ఉన్నాయి. బొమ్మలున్న చోట ముఖాలు చెక్కేసి ఉంటాయి. మన ఊరి గుడి మండపాలు చూసి పెరిగిన కంటికి ఆ గంటలు ఇట్టే పట్టుబడతాయి. అదే ఆవరణలో 1,600 ఏళ్ల నాటి ఇనుప స్తంభం ఉంది. గుప్తుల కాలంది, 7 మీటర్ల పైచిలుకు ఎత్తు, 6 టన్నులకు పైగా బరువు. ఇనుములో భాస్వరం ఎక్కువగా ఉండటం వల్ల పైన ఒక రక్షణ పొర ఏర్పడి తుప్పు పట్టకుండా కాపాడుతోంది. ఇంకాస్త ముందుకెళ్తే అలాయ్ మినార్ మొండెం. కుతుబ్‌కి రెట్టింపు ఎత్తు కట్టాలని అల్లావుద్దీన్ ఖిల్జీ మొదలుపెట్టాడు, ఆయన పోయాక మొదటి అంతస్తుతో ఆగిపోయింది.

ఉదయం తెరవగానే వెళ్లండి. పక్కనే మెహ్రౌలీ ఆర్కియలాజికల్ పార్కు ఉంది. టికెట్ లేదు, రాజోం కీ బావ్‌లీ అనే మెట్లబావి చాలా బాగుంటుంది. నడిచే ఓపిక ఉంటే ఇంకో గంట దానికి ఇవ్వండి.

పాత ఢిల్లీ: నడకా, రిక్షానా?

ఎర్రకోట ఎదురుగా మొదలై ఫతేపురి మసీదు దాకా సూటిగా పోయే రోడ్డే చాంద్‌నీ చౌక్. పగటిపూట ఈ రోడ్డు మీద మోటారు వాహనాలు తిరగకూడదన్న నియమం 2021 నుంచి ఉంది కాబట్టి ముందున్నంత భయం లేదు. రిక్షా ఎక్కితే కాళ్లకి సుఖం, కానీ చూడాల్సినవన్నీ పక్క సందుల్లోనే ఉంటాయి. పెద్దవాళ్లు లేకపోతే నడవమనే చెప్తాను. తిరుగు ప్రయాణానికి రిక్షా మాట్లాడుకోండి, డబ్బు ఎంతో ఎక్కేముందే తేల్చుకోండి.

ఈ ఒక్క రోడ్డు మీద జైన లాల్ మందిర్, గౌరీశంకర్ గుడి, సీస్‌గంజ్ గురుద్వారా, ఫతేపురి మసీదు వరసగా వస్తాయి. 1675లో గురు తేగ్ బహదూర్‌ని ఔరంగజేబు ఆజ్ఞతో చంపిన చోటే సీస్‌గంజ్. తలకి గుడ్డ కట్టుకుని లోపలికి వెళ్లండి, ఎవరినైనా ఆదరిస్తారు. ఫతేపురి దాటితే ఖారీ బావ్‌లీ, మసాలా దినుసుల హోల్‌సేల్ బజారు. ఎండుమిర్చి బస్తాల మధ్యకి వెళ్లగానే అందరూ దగ్గుతుంటారు. మిర్చి కళ్లాలు ఎరిగిన మనవాళ్లకీ ఆ ఘాటుకి కళ్లు నీళ్లొస్తాయి. చీరల అంచులు, లేసులు కావాలంటే కినారీ బజార్. తినడానికి పరాఠే వాలీ గలీ పేరు అందరూ చెప్తారు, ఒకసారి రుచి చూడొచ్చు, నేతిలో వేయిస్తారు కాబట్టి ఒకరికి రెండు చాలు.

జామా మసీదు 1656లో పూర్తయింది. ఎర్రకోట ముందు చూసి, నమాజు వేళ కాకుండా చూసుకుని ఇక్కడికి రండి. చెప్పులు విప్పాలి, మధ్యాహ్నం రాతి ఆవరణ కాలిపోతుంది, సాక్సులు వేసుకుంటే నయం. రద్దీలో ఫోను, పర్సు ముందు జేబులో పెట్టుకోండి.

జనం, వాసనలు, ఇరుకు పడవనుకునేవాళ్లు ఈ పూటని లోదీ గార్డెన్‌కి మార్చుకోవచ్చు. టికెట్ లేదు, పచ్చని చెట్ల మధ్య 15, 16 శతాబ్దాల సమాధులు, పొద్దున నడకకి వచ్చే ఢిల్లీ జనం. చిన్న పిల్లలున్న కుటుంబాలకి నిజంగా ఇదే నయం.

సాయంత్రం ఇండియా గేట్ వైపు

ఇండియా గేట్‌కి పగలు వెళ్లొద్దు. ఎండ తప్ప ఏమీ ఉండదు. 42 మీటర్ల ఈ తోరణం 1931లో ప్రారంభమైంది, బ్రిటిష్ ఇండియా సైన్యంలో చనిపోయిన సైనికుల జ్ఞాపకం. దీని వెనకాలే ఉన్న నేషనల్ వార్ మెమోరియల్‌ని చాలామంది వదిలేస్తారు. నా దృష్టిలో ఈ రెండింటిలో చూడాల్సింది అదే. 2019 ఫిబ్రవరిలో ప్రారంభించారు, టికెట్ లేదు. ఒకదానిలో ఒకటిగా వలయాలు, వాటి గోడల మీద స్వాతంత్ర్యం తర్వాత ప్రాణాలిచ్చిన 25 వేలకు పైగా సైనికుల పేర్లు, ఒక్కో గ్రానైట్ పలక మీద ఒక్కో పేరు. 2020లో గల్వాన్‌లో వీరమరణం పొందిన మన సూర్యాపేట కల్నల్ సంతోష్‌బాబు పేరు కూడా వాటిలో ఉంది. పొద్దు గూకే వేళకి అక్కడ ఉండేలా చూసుకోండి. సాయంత్రం పూట అమరుల కుటుంబ సభ్యులతో పుష్పగుచ్ఛం ఉంచే కార్యక్రమం జరుగుతుంది.

రాష్ట్రపతి భవన్ లోపల చూడాలంటే ముందే ఆన్‌లైన్‌లో స్లాటు తీసుకోవాలి, గుర్తింపు కార్డు తప్పనిసరి. 340 గదుల భవనం అది. స్లాటు దొరికితే వదులుకోకండి. దొరక్కపోతే గేటు దాకా వెళ్లి ఫోటో దిగడానికి గంట ఖర్చు పెట్టొద్దు.

మ్యూజియంలలో ఏది?

జన్‌పథ్‌లోని నేషనల్ మ్యూజియం, తీన్‌మూర్తి దగ్గరి ప్రధానమంత్రి సంగ్రహాలయ, ఈ రెండింటి మధ్యే అసలు పోటీ. చరిత్ర అంటే ఇష్టం ఉన్నవాళ్లు కళ్లు మూసుకుని నేషనల్ మ్యూజియం వెళ్లొచ్చు. హరప్పా గ్యాలరీలో మొహెంజొదారో నర్తకి ఉంటుంది. పుస్తకంలో చూసి పెద్ద విగ్రహం అనుకుంటాం, నిజానికి పదిన్నర సెంటీమీటర్లే. నడుం మీద ఒక చెయ్యి, ఎడమ చేతి నిండా గాజులు, ఎవరినీ లెక్కచేయని ఆ నిలబడే తీరు దగ్గర నుంచి చూస్తేనే తెలుస్తుంది. అమరావతి, నాగార్జునకొండ శిల్పాలు కూడా ఇక్కడున్నాయి. మన పల్నాటి సున్నపురాయి మీద చెక్కిన బుద్ధుడి కథలు అవి. అంత దూరంలో వాటి ముందు నిలబడితే గర్వం, దిగులు రెండూ కలుగుతాయి.

ప్రధానమంత్రి సంగ్రహాలయ 2022లో తెరిచారు. తెరలు, రికార్డింగులు, ఆటల్లాంటి ఏర్పాట్లతో కాలేజీ వయసు పిల్లలకి బాగా నచ్చుతుంది. పీవీ నరసింహారావు గారి భాగం దగ్గర తెలుగువాళ్లు కాసేపు ఆగకుండా ఉండలేరు. పదేళ్ల లోపు పిల్లలుంటే ఈ రెండూ కాదు, రైల్ మ్యూజియం.

అక్షర్‌ధామ్, లోటస్, బంగ్లా సాహిబ్

అమ్మానాన్నలని తీసుకెళ్తుంటే అక్షర్‌ధామ్ పేరు తప్పక వస్తుంది. 2005లో కట్టింది, చెక్కుడు పని అద్భుతం. కానీ ఫోను, కెమెరా, బ్యాగు ఏదీ లోపలికి వదలరు, క్యూలతో కలిపి నాలుగైదు గంటలు పోతాయి. అంటే రెండు రోజుల్లో పావు వంతు. పెద్దవాళ్ల కోరిక అయితే మధ్యాహ్నం వెళ్లి సాయంత్రం వాటర్ షో చూసుకుని రండి, బదులుగా మ్యూజియం తీసేయండి. లోటస్ టెంపుల్‌ని నేనైతే మొదటిసారి జాబితాలో పెట్టను. 1986 నాటి ఆ 27 రేకుల కట్టడం బయటి నుంచే అందం, లోపల మౌనంగా కూర్చునే హాలు.

బంగ్లా సాహిబ్ గురుద్వారా మాత్రం ఎవరూ వదలొద్దు. కన్నాట్ ప్లేస్‌కి దగ్గర, రాత్రి కూడా వెళ్లొచ్చు, టికెట్ లేదు. తలకి గుడ్డ అక్కడే ఇస్తారు. కొలను గట్టున కూర్చుని కీర్తనలు వింటే రోజంతా తిరిగిన అలసట తీరిపోతుంది. లంగర్‌లో, అంటే అక్కడి ఉచిత భోజనశాలలో, నేల మీద బంతిలో కూర్చుని భోజనం చేయండి. రొట్టె వడ్డించేటప్పుడు రెండు చేతులూ చాచి తీసుకోవడం అక్కడి మర్యాద.

మెట్రోనా, కారా?

ఇద్దరు ముగ్గురైతే మెట్రోనే. ఎర్రకోటకి వయొలెట్ లైన్‌లో లాల్ ఖిలా స్టేషన్ ఉంది. కుతుబ్ మినార్ యెల్లో లైన్‌లో ఉంది కానీ స్టేషన్ నుంచి కట్టడం దాకా ఆటో కావాలి. ఆఫీసు వేళల్లో రాజీవ్ చౌక్‌లో లైను మారడం నరకం, ఆ సమయం తప్పించండి. నలుగురైదుగురు, అందులో పెద్దవాళ్లు ఉంటే రోజంతటికీ కారు మాట్లాడుకోండి, కానీ చాంద్‌నీ చౌక్‌కి కారు వద్దు.

"ఈ రోజు అది మూసేశారు, ఇంకో మంచి చోటుకి తీసుకెళ్తా" అని ఎవరైనా అంటే నమ్మొద్దు, అది మిమ్మల్ని కమీషన్ షాపులకి తిప్పే ఎత్తు. కట్టడాల టికెట్లు ఆన్‌లైన్‌లో తీసుకుంటే క్యూ తప్పుతుంది, పురావస్తు శాఖ కట్టడాల్లో 15 ఏళ్ల లోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదు.

ఆగ్రా కూడా వెళ్లాలా?

మూడో రోజు ఉంటే తప్పకుండా. రెండే రోజులుండి, మళ్లీ ఉత్తరాదికి వచ్చే వీలు ఇప్పట్లో లేదనుకుంటే కూడా ఒక రోజు ఆగ్రాకి ఇచ్చేయమనే అంటాను, తాజ్‌మహల్‌కి బదులు ఏదీ లేదు. అప్పుడు ఢిల్లీ జాబితా మారుతుంది. ఎర్రకోటని బయటి నుంచే చూసి లోపలి సమయం మిగుల్చుకోండి, ఎందుకంటే అక్బర్ కట్టించిన ఆగ్రా కోట లోపల ఎర్రకోట కంటే చాలా ఎక్కువ మిగిలి ఉంది. షాజహాన్‌ని కొడుకు బంధించిన భవనం, అక్కడి నుంచి కనిపించే తాజ్, అన్నీ చూడొచ్చు. హుమాయూన్ సమాధిని మాత్రం తీసేయకండి, పైగా ఆగ్రా వెళ్లడానికి ముందు రోజే చూడండి. ఎర్ర రాతిలో మొదలైన ఆలోచన పాలరాతిలో ఎలా పండిందో అప్పుడే కంటికి తెలుస్తుంది. ఉదయం హజ్రత్ నిజాముద్దీన్ నుంచి గతిమాన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రెండు గంటల లోపే ఆగ్రా క్యాంట్‌లో దిగుతారు, రాత్రికి అదే రైల్లో తిరిగి రావచ్చు. తాజ్‌మహల్‌కి శుక్రవారం సెలవు, ఆ రైలు కూడా శుక్రవారం నడవదు.